బండి పెట్టినందుకు డబ్బు సరే... పోతే పూచీ ఎవరిది?

పొద్దున్నే గుంటూరు వెళ్లే రైలు అందుకోవాలని చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిడుగురాళ్ల స్టేషనుకు వచ్చేవారిలో చాలామంది బండి మీదే వస్తారు. మిర్చి యార్డులో సరుకు పెట్టిన రైతు, ఆస్పత్రికి వెళ్లే ముసలాయన, గుంటూరులో చదివే పిల్లాడిని చూసి రావాలనుకున్న తల్లిదండ్రులు, అందరిదీ అదే హడావుడి. రైలు కూత వినబడుతుంటే స్టాండులో బండి నెట్టి, చేతికిచ్చిన చీటీని జేబులో కుక్కుకుని పరుగెత్తుతారు. ఆ చీటీ మీద ఏమి రాసి ఉందో చదివే తీరిక ఎవరికుంటుంది? తీరిక ఉన్నా, అంత చిన్న అక్షరాలు కళ్లజోడు లేనిదే కనబడవు.

చదివితే మాత్రం ఒక వాక్యం కనబడుతుంది. ఏ ఊరి స్టాండులోనైనా, ఏ సినిమాహాలు దగ్గరైనా మాటలు కాస్త అటూ ఇటూగా అదే వాక్యం: "వాహనం యజమాని పూచీ మీదనే ఉంచబడును. పోయినచో, దెబ్బతిన్నచో యాజమాన్యమునకు ఎట్టి బాధ్యత లేదు." డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం బాధ్యతగా తీసుకుంటారు. సాయంత్రానికి వస్తే ఒక లెక్క, రాత్రి దాటితే ఇంకో లెక్క. అందులో పొరపాటు జరగదు.

పది రూపాయలా, ఇరవై రూపాయలా అన్నది పెద్ద పేచీ కాదు. నెలకు నాలుగుసార్లు పట్నం వెళ్లే రైతుకు అది బరువే గాని, మోయలేని బరువు కాదు. బండి పోయిన రోజునే అసలు పేచీ మొదలవుతుంది. మోపెడ్ మీదనే పాల క్యాన్లు, మందు డబ్బాలు, పొలానికి తీసుకెళ్లే కూలీల అన్నం క్యారియర్లు తిరిగే ఇంట్లో ఆ బండి పోతే ఆ ఏడు సేద్యం కుంటుపడినట్టే. పాత బళ్లకు చాలామంది కట్టేది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే. అది ఎదుటివాడికి జరిగే నష్టానికి పనికొస్తుంది గాని, దొంగతనానికి పైసా ఇవ్వదు. స్టాండువాడు చీటీ మీది వాక్యం చూపిస్తాడు. ఇన్సూరెన్సు వాళ్లు పాలసీలో వాక్యం చూపిస్తారు. రెండు వాక్యాల మధ్య రైతు నిలబడతాడు.

ఇంతకీ స్టాండువాడి వాక్యానికి చట్టంలో బలం ఎంత? చాలామంది అనుకున్నంత లేదు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. ఒక పని కోసం ఒకరు తమ వస్తువును మరొకరికి అప్పగించి, పని అయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటు గురించి అందులో ప్రత్యేకంగా చెప్పారు. అప్పగింత తీసుకున్నవాడు ఆ వస్తువును, మామూలు జాగ్రత్త గల మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలని 151వ సెక్షను అంటుంది. అంత జాగ్రత్తా తీసుకున్నా వస్తువు పోతే అతని తప్పు లేదు. జాగ్రత్తే తీసుకోకపోతే తప్పు అతనిదే.

ఈ పాత మాటను సుప్రీంకోర్టు 2019 నవంబరులో కొత్త సంగతికి వర్తింపజేసింది. 1998లో ఢిల్లీలో ఒక ఆసామి తాజ్ మహల్ హోటలుకు మారుతి జెన్ కారులో వెళ్లి, తాళాలు హోటలు మనిషి చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి కారు లేదు. హోటలువారు చీటీ చూపించి, యజమాని పూచీ మీదే పెట్టారు, మాకు సంబంధం లేదన్నారు. ఇరవై ఏళ్లకు పైగా నడిచిన ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, తాళాలతో సహా బండిని అప్పగించుకున్న తర్వాత సొంత నిర్లక్ష్యానికి చీటీ మీది వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదు. తాము జాగ్రత్తగానే ఉన్నామని చూపించవలసింది హోటలువారే. బండి పెట్టినందుకు విడిగా డబ్బు తీసుకోలేదు గనుక బాధ్యత లేదన్న మాటను కూడా కోర్టు ఒప్పుకోలేదు. గదికీ భోజనానికీ తీసుకున్న డబ్బులోనే అదీ కలిసి ఉన్నదన్నది.

అది పెద్ద హోటలు, తాళాలు ఇచ్చిన కారు, మన స్టాండుకు ఎలా అతుకుతుందని అడిగేవారు ఉంటారు. అడగవలసిందే. స్టాండులో బండికి మనమే తాళం వేసుకుని తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. కాబట్టి తాను అద్దెకిచ్చింది జాగానే, కాపలా కాదని స్టాండు కాంట్రాక్టరు వాదించవచ్చు. కోర్టులో ఆ వాదన ఏ కేసులో ఎలా నిలుస్తుందన్నది ఆ కేసు వివరాలను బట్టి ఉంటుంది. కానీ ఒక్క సంగతి. చీటీ పోగొట్టుకుని స్టాండుకు వెళ్లి చూడండి. బండి మీదేనని ఎంత మొత్తుకున్నా వదలరు. ఆర్‌సీ పుస్తకం తెమ్మంటారు, తెలిసినవాళ్లెవరినైనా పిలవమంటారు. ఆ జాగ్రత్త మంచిదే, తప్పు పట్టనక్కరలేదు. అయితే చీటీ చూపనిదే బండి గేటు దాటకూడదన్న కట్టడి పెట్టినవాడు, చీటీ లేకుండా దొంగ ఆ గేటు ఎలా దాటాడో కూడా చెప్పాలి గదా! ఆ గేటు అసలు యజమానికి మూసి, దొంగకు తెరిచి ఉంటే దాన్ని జాగా అద్దె అని ఎవరు ఒప్పుకుంటారు?

మరో చిక్కు, డబ్బు వసూలు చేసేది ఎవరి తరఫున అన్నది. చూడటానికి అందరూ ఒకే రకంగా చీటీ పుస్తకం, భుజాన సంచి వేసుకుని కనబడతారు గాని, వారి వెనుక ఉన్న యజమాని చోటుకో రకం. స్టేషను దగ్గర స్టాండు రైల్వేది. డివిజను అధికారులు టెండరు పిలిచి కాంట్రాక్టుకిస్తారు. పిడుగురాళ్ల గుంటూరు డివిజనులో ఉంది. అక్కడ రేటు మించి అడిగితే రైల్వే ఫోను 139కి చెప్పుకోవచ్చు. బస్టాండు లోపలిది ఆర్టీసీ వారి ఏర్పాటు. సంతలో, బజారులో ఆశీలు వసూలు చేసేది మునిసిపాలిటీ పెట్టిన వేలంపాటలో పాడుకున్నవాడు. సినిమాహాలుది హాలు యజమానిది. ఇవిగాక ఏ పాటా పాడకుండా, ఏ టెండరూ వేయకుండా రోడ్డు పక్కన తాడు కట్టి డబ్బు అడిగే ఘనులూ అక్కడక్కడా ఉంటారు. రోడ్డు ఎవరి సొత్తూ కాదు. ప్రభుత్వ శాఖ అనుమతి కాగితం లేనివాడికి అక్కడ బండికి డబ్బడిగే హక్కు లేదు. అడిగినవాడిని ముందు కాగితం చూపమనాలి.

అలాగే జరిమానా అన్న మాట. బండి తప్పు చోట పెట్టినందుకు జరిమానా వేసే అధికారం చట్టం ఇచ్చింది పోలీసు, రవాణా అధికారులకు. దుకాణం కాపలాదారుకు, స్టాండు మనిషికి కాదు. చక్రానికి గొలుసు కట్టి, గాలి తీసి, ఇంత ఇస్తే గాని వదలమనడం దౌర్జన్యమే. దానికి పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు.

పిడుగురాళ్ల వారికి ఇంకో విశేషం ఉంది. దాచేపల్లి, పొందుగుల మీదుగా కృష్ణ వంతెన దాటితే అవతల వాడపల్లి, అంటే తెలంగాణ. మిర్యాలగూడ, నల్లగొండ, హైదరాబాదు పనులకు రోజూ ఇక్కడి జనం వెళ్తూనే ఉంటారు. 2014 జూన్ 2కు ముందు అటూ ఇటూ ఒకే ప్రభుత్వం, ఒకే ఉత్తర్వు. ఇప్పుడు వంతెనకు ఆ చివర ఒక జీవో, ఈ చివర ఒక జీవో.

తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో 63వ నంబరు జీవో ఇచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య సముదాయాల్లో మొదటి అరగంట రుసుము వసూలు చేయకూడదు. అరగంట నుంచి గంట వరకు, లోపల ఏదైనా కొన్న బిల్లు చూపితే వసూలు చేయకూడదు. గంట దాటితే, బిల్లు గాని సినిమా టికెట్టు గాని పార్కింగ్ రుసుముకన్నా ఎక్కువ మొత్తానిదై ఉంటే అప్పుడూ ఉచితమే. అన్ని బళ్లకూ చీటీ ఇచ్చి, డబ్బు తీసుకున్నదీ లేనిదీ దాని మీద ముద్ర వేయాలన్నారు. 2021 జులైలో మాత్రం ఒకే తెర ఉన్న సినిమాహాళ్లు రుసుము తీసుకోవచ్చని సడలింపు ఇచ్చారు. అంటే అక్కడ హాలును బట్టి కూడా రూలు మారుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తరహా ఉత్తర్వు 2025లో వచ్చి, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితం. గంట లోపు కొనుగోలు బిల్లు చూపితే ఉచితం. గంట దాటినా రుసుముకు మించిన బిల్లో, సినిమా టికెట్టో చూపితే ఉచితం. హైదరాబాదులో ఈ వెసులుబాటు వచ్చిన ఏడేళ్లకు గుంటూరు, విజయవాడలకు వచ్చింది. ఆలస్యమైనా వచ్చింది, సంతోషం. అయితే పెళ్లి బట్టలకని గుంటూరు వెళ్లే పల్లెటూరి కుటుంబాల్లో ఈ సంగతి ఎందరికి తెలుసు? వేల రూపాయల బిల్లు చేతిలో పెట్టుకుని, గేటు దగ్గర అడిగినంతా ఇచ్చి వచ్చేవారే ఎక్కువ. ఆ బిల్లును సంచి అడుగున పడేయకుండా గేటు దాటేదాకా చేతిలో ఉంచుకోవాలి.

సొంత జాగాలో బండి పెట్టనిచ్చి డబ్బు తీసుకుంటే తప్పేమిటని యజమానులు అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు దేశంలో హైకోర్టులన్నీ ఒకే జవాబు చెప్పలేదు. గుజరాత్ హైకోర్టు 2019 జులైలో మాల్స్, మల్టీప్లెక్సులు రుసుము వసూలు చేయరాదన్నది. కేరళ హైకోర్టు 2022 జనవరిలో ఒక మాల్ విషయంలో ఇది ప్రాథమికంగా సరికాదన్నట్టు చెప్పినా, తర్వాత యజమానికి వసూలు చేసే హక్కు ఉందని తేల్చింది. రాష్ట్రం మారితే న్యాయం మారుతుందా అని ఎవరైనా విస్తుపోవచ్చు. ఒక్కో రాష్ట్రంలో మునిసిపల్ చట్టం, భవన నిబంధనలు వేరుగా ఉంటాయి. కోర్టులు వాటిని బట్టే చెప్పాలి.

ఎవరు ఎలా చెప్పినా పల్లె జనానికి అర్థమయ్యే తేడా ఒకటుంది. పెద్ద భవనం కట్టేటప్పుడు ఇంత జాగా బళ్లకు వదులుతామని ప్లానులో గీసి చూపిస్తేనే అనుమతి వస్తుంది. అలా మాట ఇచ్చి అనుమతి తెచ్చుకున్న జాగాను మళ్లీ వచ్చేవారికి అమ్ముకోవడం ఒకే ఎద్దును రెండు సంతల్లో అమ్మినట్టు. బజారులో ఖాళీ స్థలం ఉన్న చిన్న ఆసామి దానికి రేకులు వేసి, లైటు పెట్టి, మనిషిని కాపలా ఉంచి బళ్లు చూసుకుంటానంటే ఆ సంగతి వేరు. అతడు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. ఎండలో సీటు కాలకుండా, వానకు తడవకుండా బండి ఉంటే ఎవరైనా ఇస్తారు. తీసుకున్న డబ్బుకు కాపలా కాయాలి, అంతే.

ఈ తంటా ఒక్క మన దేశానిదే కాదు. ఇళ్లూ పొలాలూ తాకట్టు పెట్టి ఇంగ్లండు చదువుకు పంపిన పిల్లలకు అక్కడా ఇది ఎదురవుతుంది. అక్కడ ప్రైవేటు పార్కింగ్ కంపెనీ పంపే కాగితం సర్కారు జరిమానా కాదు, ఒప్పందం తప్పినందుకు అడిగే డబ్బు. చెమ్స్‌ఫర్డ్ అనే ఊళ్లో దుకాణాల సముదాయం దగ్గర రెండు గంటలు ఉచితం. ఒకాయన 56 నిమిషాలు ఎక్కువ ఉన్నందుకు 85 పౌండ్లు అడిగారు. ఆయన ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో ఓడిపోయాడు. బోర్డులు పెద్ద అక్షరాల్లో, అందరికీ కనబడేలా పెట్టారన్నది కోర్టు లెక్కలోకి తీసుకున్న కారణాల్లో ఒకటి. అదే దేశంలో ఉత్తరాన స్కాట్లండు వెళ్తే పద్ధతి వేరు. ఇంగ్లండు, వేల్సుల్లో బండి నడిపినవాడు ఎవరో చెప్పకపోతే 2012 చట్టం ప్రకారం, షరతులకు లోబడి, బండి ఎవరి పేరున ఉందో వారిని అడగవచ్చు. స్కాట్లండులో ఆ చట్టం లేదు. నడిపినవాడినే అడగాలి. చక్రానికి తాళం వేసి డబ్బు గుంజడం స్కాట్లండులో నేరమని 1992లోనే కోర్టు అన్నది. ఇంగ్లండులో ప్రైవేటు స్థలాల్లో దాన్ని 2012 అక్టోబరులో మాన్పించారు. అక్కడున్న పిల్లలకు పెద్దలు ఫోనులో చెప్పవలసిన జాగ్రత్త ఒకటుంది. కంపెనీ ఉత్తరానికి అభ్యంతరం ఉంటే గడువులోగా రాయాలి. కోర్టు నుంచి కాగితం వస్తే మాత్రం బల్ల సొరుగులో పడేయకూడదు. జవాబివ్వకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది. నెలలోగా కట్టకపోతే ఆరేళ్లపాటు అది వారి అప్పుల రికార్డులో ఉండిపోతుంది.

మళ్లీ మన స్టాండుకు వద్దాం. బండి పోయిందని తెలిసిన గంటలో జరిగే కథ అందరికీ తెలిసిందే. స్టేషను ఆవరణ మాది కాదని టౌను పోలీసులు, గేటు బయట మాది కాదని రైల్వే పోలీసులు అనడం కద్దు. మిర్యాలగూడలో పోతే మరీ చిక్కు, రాష్ట్రమే వేరు. ఈ తిప్పటకు 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత కొంత మందు వేసింది. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని 173వ సెక్షను చెబుతుంది. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. రాసుకుని, సంబంధిత స్టేషనుకు పంపవలసిన పని వారిది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అది లేనిదే ఇన్సూరెన్సుకూ, కోర్టుకూ ఏ దారీ లేదు.

నష్టపరిహారం అడగడానికి వినియోగదారుల కమిషన్ ఉంది. పాత 1986 చట్టం కింద స్టాండు ఉన్న చోటనో, ఎదుటివాడి వ్యాపారం ఉన్న చోటనో దావా వేయవలసి వచ్చేది. హైదరాబాదులో బండి పోతే వాయిదాలకు హైదరాబాదు తిరగాలి. బండి ఖరీదు బస్సు చార్జీలకే చాలదని చాలామంది వదులుకునేవారు. 2020 జులై నుంచి అమలైన కొత్త చట్టం ఆ అడ్డు తీసేసింది. ఫిర్యాదు చేసేవాడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చిన్న మొత్తాల ఫిర్యాదులకు ఫీజు లేదు. వకీలు లేకుండా కూడా వెళ్లవచ్చు. రెండేళ్ల గడువు ఉంది. ముందుగా 1915 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. వంతెన అవతల జరిగిన అన్యాయాన్ని వంతెన ఇవతల అడగగలగడం సరిహద్దు జనానికి చిన్న సంగతి కాదు.

అయితే ఈ దారులన్నిటికీ వాకిలి ఆ చిన్న చీటీయే. తేదీ, వేళ, బండి నంబరు, తీసుకున్న డబ్బు రాసి ఇవ్వని చీటీ కోర్టులో చిత్తుకాగితం. చాలా చోట్ల ఇచ్చేది వరస నంబరు మాత్రం ఉన్న ముక్క. దాన్ని కూడా బండి తీసేటప్పుడు వెనక్కి లాక్కుంటారు. వెనక్కి ఇవ్వకముందే సెల్‌ఫోనులో ఫొటో తీసుకోవడం, బండిని వరసలో నంబరు కనబడేలా ఒక ఫొటో తీయడం అర నిమిషం పని.

స్టాండు దగ్గర కూర్చునే మనిషి మీద విరుచుకుపడి లాభం లేదు. అతడు రోజుకూలీ. పైన కాంట్రాక్టరు పోటీలో పాటను ఆకాశానికి తీసుకెళ్లి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి రేటు పెంచి, మనుషులను తగ్గిస్తాడు. రెండువందల బళ్లకు ఒక్క ముసలి కాపలాదారు ఉంటే దొంగకు పండగే. పాట ఎంతకు పోయిందని సంబరపడే కార్యాలయాలు, ఆ పాటకు తగిన కాపలా ఉందా అని ఎన్నిసార్లు చూశాయి?

కాబట్టి అడగవలసింది పాట పెట్టేవారిని. స్టేషను, బస్టాండు, బజారు, ఎక్కడైనా గేటు దగ్గర తెలుగులో, దూరానికి కనబడే అక్షరాల్లో రేటు, వేళలు, కాంట్రాక్టరు పేరు, ఫిర్యాదు ఫోను రాసిన బోర్డు ఉండాలి. నంబరు, తేదీ ఉన్న చీటీ యజమాని దగ్గరే ఉండాలి. రాత్రిపూట లైటు, కెమెరా ఉండాలి. తన మనుషుల నిర్లక్ష్యం వల్ల బండి పోతే పరిహారం కాంట్రాక్టరు ధరావతు నుంచి ఇప్పించే షరతు పాట కాగితంలోనే చేర్చాలి. పూచీ లేదన్న వాక్యాన్ని చీటీల మీద అచ్చు వేయకూడదని కూడా అందులోనే రాయవచ్చు.

ఆశీలు పాట నోటీసు వెలువడేటప్పుడు షరతుల జాబితా మునిసిపల్ కార్యాలయంలో అడిగి చదవవచ్చు. రైల్వే, ఆర్టీసీ స్టాండుల షరతులనూ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడిగి తెలుసుకోవచ్చు. స్టాండులో ఒకపూట బండి పెట్టినందుకు అయ్యే ఖర్చూ దాదాపు అంతే. రైతు సంఘాలవారు, లారీ, ఆటో కార్మికులు, రోజూ రైలెక్కే ఉద్యోగులు కలిసి ఆ దరఖాస్తు ఈ పాట ముగియకముందే పెట్టాలి. కొత్త పాట అయిపోయాక అడిగితే, గడువు తీరేదాకా పాత చీటీయే, పాత వాక్యమే.